షెరీఫు ప్రూయిట్ పలక

హార్మన్ క్రీక్, మిస్సోరీ
4 మార్చి 1974

ప్రియమైన వెర్లిన్ అన్నయ్యకి,

నా సంతోషం అరిజోనా దాకా వినిపించలేదూ? పాత జైలు ముందు, రోడ్డు పక్కన మన నాన్నకి స్మారక పలక పెడుతున్నారు! పోతపోసిన ఇనుప పలక. "1921 జూన్‌లో షెరీఫు ఏమస్ ప్రూయిట్ ఈ మెట్ల మీద ఒంటరిగా నిలబడి, ఖైదీ లూషియస్ బీల్‌ను చంపవచ్చిన మూకను వెనక్కి పంపాడు" అని రాస్తారు. లూషియస్ ఆ గొడవలో తప్పించుకుని పక్క రాష్ట్రం కాన్సస్‌కి పారిపోయాడని కూడా రాద్దామంటే, చోటు చాలదన్నారు.

రాష్ట్రం వాళ్లు రుజువు అడుగుతున్నారు. అప్పటికి నాకు ఆరేళ్లు. నువ్వేమో ఇరవయ్యేళ్లవాడివి, నాన్న కింద జైలు కాపలా చేసేవాడివి. చూసింది చూసినట్టు ఒక పేజీ రాసి, సంతకం పెట్టి పంపు. స్మారక సంఘానికి కార్యదర్శిని నేనే, నా పరువు నిలబెట్టు.

నీ ఐడెల్లా


టూసాన్
11 ఏప్రిల్

ఐడీ,

మోకాళ్లు నొప్పి, అందుకే ఆలస్యం. ఊళ్లో ఏదో ఒక పలక పాతకపోతే మీ సంఘానికి తోచదనుకుంటే, రెండు తలల దూడ పుట్టిన కొట్టం ముందు పాతండి. అదైనా నిజం. నాన్న జోలికి వెళ్లకండి.

వెర్లిన్


హార్మన్ క్రీక్
20 ఏప్రిల్

ప్రియమైన మొండి అన్నయ్యకి,

కన్నతండ్రికి గౌరవం చేస్తుంటే నీకేమిటి కడుపుమంట? పోత పోసేవాళ్ల దగ్గర వరుస పెద్దదని, నీ కాగితం రాకముందే ఆర్డరిచ్చేశాం. నువ్వు కాదంటావని ఎవరనుకుంటారు? జూన్ 2, ఆదివారం ఆవిష్కరణ. హైస్కూలు బ్యాండు వస్తోంది. నేను పన్నెండు ఆపిల్ పైలు చేస్తున్నాను. ఆ కాగితం పంపి పుణ్యం కట్టుకో.

కోపంగా, ప్రేమగా
ఐడెల్లా


టూసాన్
25 మే

చెల్లీ,

కూర్చుని చదువు.

ఆ రోజూ ఆదివారమే. మూక అంటే ఎవరనుకున్నావు? చర్చి నుంచి సరాసరి వచ్చిన మనవాళ్లే, మెడలో టైలైనా విప్పలేదు. నాన్న మెట్ల మీద నిలబడి "ఇళ్లకి పొండి" అని అరిచిన మాట నిజం. ఆయన అరుస్తున్నంతసేపూ వెనక తలుపు తీసే ఉంది. లూషియస్‌ని అటునుంచి ఈడ్చుకుపోయి చంపేశారు. ఎదుట ఉన్నవాళ్లు వెనక్కి వెళ్లారంటే, పని అయిపోయింది గనక వెళ్లారు. కాన్సస్ అన్నది నాన్న కల్పించిన మాట.

పందొమ్మిదేళ్లు అతనికి. ఒక తెల్లవాడు కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అదే నేరం. నాకు ఆ రోజు సెలవు. వీధిలోంచి చూశాను. ఇన్నాళ్లూ నోరెత్తలేదు.

క్షమించు.
వెర్లిన్


హార్మన్ క్రీక్
3 జూన్

అన్నయ్యా,

నీ ఉత్తరం వంటింట్లో కూర్చుని చదివాను. లేచి మా సంఘం అధ్యక్షుడు హోబర్ట్ దగ్గరికి పరిగెత్తాను. "పలక పాతేశాం, సిమెంటు కూడా గట్టిపడింది. ఇప్పుడు నువ్వు నోరు మూసుకుంటే అందరికీ మంచిది" అన్నాడు.

నిన్న బ్యాండు ఆగాక, ముసుగు తియ్యమని నన్ను పిలిచారు. తియ్యలేదు. మైకు పట్టుకుని నీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివేశాను. "సిగ్గులేదూ, కన్నతండ్రిని!" అని ఎవరో కేకేశారు. సగంమంది లేచిపోయారు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక నల్లజాతి పెద్దావిడ లేచి వచ్చింది. ఓపల్ బీల్, లూషియస్ అక్క. మీకెలా చెప్పాలో తెలియడం లేదని ఏడ్చేశాను.

"మాకు చెప్పేదేముందమ్మా? ఆ రోజే తెలుసు మాకు. ముప్ఫయ్యేళ్లు ఈ ఊరి కోర్టు ఊడ్చాను. గోడ మీద మీ నాన్న ఫోటో నేనే తుడిచేదాన్ని. తెలియంది మీకే" అంది.

నాకు తల తీసేసినట్టయింది. ఇంత ఊళ్లో తెలియంది మనవాళ్లలో నా ఈడు వాళ్లకేనట. తెలిసిన నల్లవాళ్లేమో మన ముందే తల దించుకుని నడిచారు.

"మీ పలకలు నాకెందుకు? వాణ్ణి ఎక్కడ పడేశారో మీ అన్నని అడుగు. నేను పోయేలోగా వాణ్ణి మా అమ్మ పక్కన పడుకోబెట్టాలి" అంది.

వీధిలోంచి చూసినవాడివి, అదెక్కడో నీకెలా తెలుస్తుందిలే. అయినా అడుగుతున్నాను. తెలుసా?

ఐడెల్లా


టూసాన్
8 జూన్

ఐడీ,

తెలుసు. పాత సున్నపు బట్టీ వెనక. గురువారం బస్సుకి వస్తున్నాను. ఆవిణ్ణి ఎక్కడికీ రప్పించకు, నేనే ఆవిడ గుమ్మానికి వెళ్లి చెబుతాను, చోటు చూపిస్తాను.

సెలవన్నది అబద్ధం. ఆ రోజు కాపలా నాదే. నాన్న చెప్పగా వెనక తలుపు తీసింది నేనే. వాళ్ల వెంట బట్టీ దాకా వెళ్లింది కూడా నేనే.

తలుపు తీసింది నేనని తెలియని లూషియస్ అక్కడ నన్ను గుర్తుపట్టాడు. మొహం వెలిగింది అతనికి. "వెర్లిన్, పరిగెత్తు! మీ నాన్నని పిలుచుకురా" అన్నాడు.

నేను కదలలేదు.

వెర్లిన్