నింపని గడి

చీపురుపల్లి,
12-8-1968

గణపతిరావు అన్నయ్యగారికి నమస్కారాలు.

కలకత్తా రైల్వే ఆఫీసులో మా ఆయన తయారుచేసిన కంప్యూటర్ ప్రోగ్రాం తాలూకు పటాలు కావాలని రాశారు. అన్నీ రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. గీతలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి. సెలవు మీద ఇంటికొచ్చాక కామెర్లు ముదిరి ఆయన చేతులు వణికేవి. ఆయన చెబుతుంటే చివరి నాలుగూ నేనే గీశాను.

"ఏటండీ ఈ గళ్ళూ బాణాలూ?" అని ఒకరోజు అడిగాను.

"గూడ్సు వ్యాగను ఎక్కడున్నాదో మిషను ఎలా కనిపెడతాదో, ఆ దారంతా ఇందులో ఉన్నాది. నేను లేకపోయినా గణపతి సూసి బాగుచేసుకోగలడు" అన్నారు.

సెలవు పొడిగిస్తారు కాబోలు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

చివరి కాగితంలో "వ్యాగను దొరికిందా?" అని రాయించి, "లేదు" అన్న వైపు బాణం గీయించి, దాని కింద ఒక గడి కట్టించారు. "ఇందులో రాయి..." అని ఆగిపోయారు. మరి మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే పోయారు.

ఆ గడి ఖాళీగానే పంపుతున్నాను. మీరు నింపాక, అందులో ఏం రాశారో నాకొక కార్డు ముక్క రాయండి. నాకు బోధపడకపోయినా ఫరవాలేదు. ఆయన నాతో చెప్పబోయిన ఆఖరి మాట అది.

మీ చెల్లెలు