పంటిలో కాలువలు

నరసరావుపేట,
12-8-1986.

మాచవరంలో ఉన్న అక్కకు తమ్ముడు సలాం చెప్పి రాసేది. మళ్ళీ పంటి పోటు వచ్చిందని, కటింగ్ ప్లేయర్ తీసుకుని రమ్మని కబురు పెట్టావు. నేను రాను. కోప్పడకుండా ఈ ఉత్తరం చివరిదాకా చదివించుకో.

మొన్న నీ మరదలు గుల్షన్‌కు దవడ వాచిపోతే పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. పీకేస్తుందనుకున్నాను. "పీకేదేంది? లోపల కాలువలు చెడినయి, కడిగితే పన్ను నిలుస్తది" అందామె. పంటికి రంధ్రం చేసి, వెంట్రుకంత తీగను లోపలికి పంపింది. వేరు కొన దాటకుండా కొలత చూసి తీగకు రబ్బరు బిళ్ళ గుచ్చింది. తీగ తిప్పడం, సిరంజితో మందునీళ్ళు చిమ్మడం, మళ్ళీ తిప్పడం. మొదట చీము వచ్చింది, గంటకు తేట నీళ్ళు వచ్చాయి. ఒక్క పంటిలో మూడు కాలువలక్కా! అల్లా ఎంత సన్న పని చేసి పెట్టాడు! బయటికొచ్చాక గుల్షన్ "నా నోరేమన్నా నీ మెకానిక్ షెడ్డా, అట్టా తొంగి చూస్తివి?" అని తిట్టింది.

షెడ్డే గుర్తొచ్చింది మరి. ఇరవై ఏళ్ళుగా కార్బురేటర్లు విప్పుతున్నాను. లోపల పెట్రోలు పోయే సన్న రంధ్రం, జెట్టు, మూసుకుపోతే నేనూ సన్న తీగతో పొడిచి, పెట్రోలు చిమ్మి కడుగుతాను. మూసుకుపోయిందని ఒక్క జెట్టునూ పారేయలేదు. నీ పళ్ళు మాత్రం రెండు పీకి పారేశాను. అప్పటినుంచి నువ్వు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నావు.

ఈ పంటిని ఎవరినీ ముట్టుకోనివ్వకు. సోమవారం మొదటి బస్సుకు రా. ఆ రెండూ పీకింది నేనేనని డాక్టరమ్మకు చెప్పాను. బస్టాండులో నిలబడి ఉంటాను. ఈసారి నా చేతులు ఖాళీగా ఉంటాయి.

నీ తమ్ముడు