కెమెరా పక్కన నువ్వు

సుజాతా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఇవాళ వంటనూనె ప్రకటనకి ఆడిషన్ ఇచ్చాను. భోజనం వడ్డించనా అని మొగుణ్ణి హిందీలో అడగాలి, అంతే. "ఖానా లగా దూఁ?" మునిర్కాలో మనిద్దరం అద్దెకున్న గదిలో నేను 'కానా' అన్నప్పుడల్లా, "కానా అంటే ఒంటికన్నువాడే! వాణ్ణి వడ్డిస్తావుటే మొగుడికి?" అని పడీపడీ నవ్వేదానివి. ఈసారి ఒత్తు సరిగ్గానే పలికింది.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. గంట ముందే వెళ్లాను. మామూలు బట్టల్లో దిగిన ఫొటోలే ఇచ్చాను. "లెన్సుతో మాట్లాడకు. నీకు కావలసిన మనిషిని కెమెరా పక్కన నిలబెట్టుకుని, ఆ మనిషితో చెప్పు" అన్నావు కదా, నిన్నే నిలబెట్టుకున్నాను.

అక్కడికక్కడే తేల్చేశారు. వేషం నాకు రాలేదు. నాకన్నా ముందు లోపలికెళ్లిన పూజకి వచ్చింది. ఇందిరాపురంలో ఉండే తెలుగువాళ్ల పిల్ల. బయట టీ తాగుతూ, "ఎవరితో చెప్పినట్టు అనుకున్నావమ్మా?" అని అడిగితే హిందీలో జవాబిచ్చింది.

"సుజాతా దీదీ సే, ఆంటీ. ఉన్హోంనే సిఖాయా థా."

నువ్వే నేర్పావట! ఆ కిటుకు నాకొక్కదానికే చెప్పావనుకున్నాను. పైగా నువ్వు దీదీవి, నేను ఆంటీని.

వేషం పోతే పోయింది. అదే గదిలో, అదే కెమెరా పక్కన నిలబడి, నాకన్నా ముందు దాని మాట విన్నావు. నిజం చెప్పు, నేను లోపలికి వచ్చేసరికి నువ్వింకా అక్కడే ఉన్నావా?