నా కాళ్ళ దగ్గరి రెండో బ్రేకు

అరవై ఎనిమిదేళ్ళు నిండి, ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో డ్రైవింగ్ స్కూలు నడుపుతూ, ఊరందరి చేతా క్లచ్చుతల్లి అనిపించుకుంటున్న నేను, ఎవరి బలవంతమూ, ఎవరి బుజ్జగింపూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి, కళ్ళజోడు పెట్టుకుని, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు నా ఆస్తి గురించి ఏ కాగితం రాసి ఉన్నా అది ఇందుమూలంగా రద్దు. నిజానికి ఏమీ రాయలేదు. ఈ ముక్క ఉండి తీరాలని లాయరుగారు పట్టుబట్టారు.

నా మనసు నిలకడగా ఉందని డాక్టరమ్మ ఇచ్చిన ధ్రువపత్రం వెనక జతచేశాను. ఈ డాక్టరమ్మ నా దగ్గర బండి నేర్చుకునే రోజుల్లో రివర్సులో వెళ్ళి తన ఆసుపత్రి గేటునే రెండుసార్లు గుద్దింది. అప్పుడు ఆమె మనసు నిలకడ గురించి నేనెవరినీ ఏ కాగితమూ అడగలేదు. అది గుర్తుపెట్టుకునే ఫీజు తీసుకోకుండా రాసిచ్చింది.

ఈ క్లచ్చుతల్లి ఏమిటని వారసులకి సందేహం ఉండదు కానీ, రేపు ఈ కాగితం ఏ కొత్త గుమాస్తా చేతిలోనైనా పడితే అతనికి తెలియాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు గేరు మార్చేటప్పుడు క్లచ్చు తొక్కడం మరిచిపోతారు. "క్లచ్చు తల్లీ, క్లచ్చు!" అని అరిచి అరిచి ఆ పిలుపు చివరికి నాకే అతుక్కుపోయింది.

1. ఈ వీలునామాని అమలు చేసే బాధ్యత లాయరుగారిది. ఆయనా నా విద్యార్థే. సిగ్నల్ దగ్గర పచ్చ దీపం పడ్డాక కూడా ఇంకోసారి ఆలోచించుకునేవాడు. వెనక బళ్ళు హారన్లు మోగిస్తుంటే నా తల ప్రాణం తోకకి వచ్చేది. అలాంటి మనిషి నా ఆస్తి పంపకంలో తొందరపడడని నమ్ముతున్నాను.

2. మేము ఉంటున్న ఇల్లు, అందులోని సామానుతో సహా, నా తదనంతరం మావారు జీవితాంతం అనుభవించవలసినది. ఆయన తర్వాత మా అమ్మాయికి సర్వహక్కులతో చెందుతుంది. మావారి గురించి రెండు మాటలు. పొద్దున్న ఆరింటి బ్యాచికి నేను వెళ్ళిపోతే, పిల్లకి జడలు వేసి బడికి పంపింది ఆయన. ఆ జడలు ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉండేవి, అది వేరే సంగతి. నేను బండి నడుపుతుంటే పక్క సీట్లో హాయిగా నిద్రపోయే మనిషి ఈ లోకంలో ఆయన ఒక్కరే. డ్రైవరుకి అంతకంటే మెప్పు ఏముంటుంది? ఆయన ఎప్పటి నుంచో కన్నేసిన నా పెద్ద గొడుగు కూడా ఆయనకే. ఇక దాచుకోవక్కర్లేదు.

3. మా అన్నయ్యకి, బీమా ఆఫీసులో నేను ఇచ్చిన రాజీనామా ఉత్తరం నకలు.

ఇరవై రెండేళ్ళకి నాకు ఆ ఉద్యోగం వేయించింది అన్నయ్యే. కుర్చీ, నెత్తిమీద ఫ్యాను, ఒకటో తారీఖున జీతం. వచ్చిన ఉత్తరానికి నంబరు వేసి, తారీఖు ముద్ర కొట్టి, పక్క బల్లకి తోయడం నా పని. ఏడేళ్ళు తోశాను. పక్క బల్లాయన వాటిని ఏం చేసేవాడో నాకు తెలియదు. ఆయనకీ తెలియదనే నా అనుమానం.

ఇరవై ఎనిమిదో ఏట సరదాకి బండి నేర్చుకోవడానికి వెళ్ళాను. వంతెన ఎక్కే దారిలో, ఎత్తు మీద ఆగిన బండిని వెనక్కి ఒక్క అంగుళం జారకుండా ముందుకి కదిలించిన రోజున, ఆరేళ్ళ తర్వాత మొదటిసారి నేనొక పని చేశాననిపించింది. మర్నాడు ఆఫీసులో ముద్ర తిరగేసి కొట్టాను. ఏడాది తిరక్కుండా రాజీనామా ఇచ్చి, పాత బండొకటి కొని, దాని నెత్తిన బోర్డు పెట్టాను.

అన్నయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడాడు కానీ, చుట్టాలెవరైనా చెల్లెలు ఏం చేస్తోందని అడిగితే "రవాణా రంగంలో ఉంది" అనేవాడు. నేనేదో ఓడలు నడుపుతున్నాననుకున్నారు కొందరు. ఈనాటికీ నా బండి ఎక్కితే వెనక సీట్లో కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకుంటాడు.

అన్నయ్యా, ఆ కుర్చీ వదిలినందుకు నేను ఒక్క పూట కూడా బాధపడలేదు. నడుం నొప్పి వచ్చినప్పుడు మాత్రం తలుచుకున్నాను, అదీ కుర్చీనే కానీ ఉద్యోగాన్ని కాదు. తల్లి పోయాక ఒంటరిగా మిగిలిన పెద్దాయన, విడిపోయి ఇద్దరు పిల్లల్ని బడికి దింపాల్సిన అమ్మాయి, అరవయ్యో ఏట మొగుడికి తెలియకుండా నేర్చుకున్న బామ్మ, అందరూ వణుకుతూ వచ్చి నా ముందే అద్దం సరిచేసుకుని తమంతట తాము రోడ్డెక్కారు. నాకు ఇంకేం కావాలి? ఈ నకలు నీ ఫైల్లో పెట్టుకో. నంబరు వేసే ఇస్తున్నాను.

4. చిన్నచిన్నవి: కాళ్ళు అందని వాళ్ళ కోసం కుట్టించిన రెండు దిండ్లు, ఎదురింటి పొట్టి టీచరమ్మకి. నా నల్లకళ్ళద్దాలు మెకానిక్కు దగ్గర పనిచేసే కుర్రాడికి. అవి పెట్టుకుంటే తను సినిమా హీరోలా ఉంటాడని అతనికి ఎవరో చెప్పారు, నేను ఆ మాట కాదనదలుచుకోలేదు. విద్యార్థులు మొదటిరోజు దేనికి భయపడ్డారో రాసుకున్న పదకొండు నోటు పుస్తకాలు ఎవరూ చదవకుండా చింపెయ్యాలి. అందులో ఈ ఊరి పెద్దమనుషులు చాలామంది ఉన్నారు.

5. నా స్కూల్లో పదిహేనేళ్ళుగా నేర్పుతున్న, అందరూ నాలుగుసార్లు అని పిలిచే మనిషికి, అతను నడుపుతున్న చిన్న బండి పూర్తి హక్కులతో. పరీక్ష నాలుగుసార్లు తప్పాడని ఆ పేరు వచ్చింది. అందుకే ఉద్యోగంలో పెట్టుకున్నాను. ఎన్ని రకాలుగా తప్పవచ్చో తెలిసినవాడు నాకు ఇంకెక్కడ దొరుకుతాడు? అతను ఇంతవరకు ఒక్క విద్యార్థినీ కసురుకోలేదు. నేను కసురుకున్నవాళ్ళంతా వెళ్ళి అతని దగ్గర చేరారు, అది కూడా నాకు తెలుసు.

6. మా అమ్మాయికి, డ్రైవింగ్ స్కూలు, దాని లైసెన్సు, ఆఫీసు గది, పెద్ద బండి. వీటితోపాటు ఒక నిజం.

నేర్పే బండిలో పక్క సీట్లో కూర్చున్న టీచరు కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. రెండు బ్రేకులూ కింద ఒకే కడ్డీకి కలిసి ఉంటాయి. నేను నొక్కితే విద్యార్థి కాలి కింద ఉన్నదీ దిగుతుంది. ఎవరు నొక్కారో కాలికి తెలియదు. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ నా కాలు సినిమా హాల్లోనూ, సోఫాలోనూ నేలని తొక్కుతూనే ఉంటుంది. మావారు దానికి నవ్వుతారు.

ఇరవై ఒక్కేళ్ళ కిందట, నీకు ఇరవయ్యో ఏట, నీ పరీక్ష. నువ్వు స్టీరింగు దగ్గర, నేను పక్కన, పరీక్షాధికారి వెనక సీట్లో. పాసయ్యాక నాతో కలిసి స్కూలు నడుపుతానని అప్పటికే అందరికీ చెప్పుకున్నావు. మందుల షాపు మలుపులో ఒకాయన ఒంటి చేత్తో పెద్ద అద్దం పలక పట్టుకుని సైకిలు మీద ఎదురొచ్చాడు. నువ్వు చూశావు. వేగం తగ్గించి, బ్రేకు మీద కాలు మెత్తగా పెట్టావు. నువ్వు చూశావని నేనూ చూశాను. స్టీరింగు దగ్గర ఉన్నది వేరే ఎవరి పిల్ల అయినా నా కాలు కదిలేది కాదు. ఉన్నది నా పిల్ల. పూర్తిగా తొక్కేశాను.

బండి ఎగిరిపడి, నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోయింది. వెనకాయనకి నా కాలు కనపడలేదు. నువ్వు బెదిరిపోయి తొక్కావని రాసుకున్నాడు. అనవసరంగా బ్రేకు వేసింది నేనని ఒక్క మాట ఒప్పుకుని ఉంటే, ఆ మధ్యాహ్నమే మళ్ళీ పరీక్ష పెట్టేవారు. నేను నోరు మెదపలేదు. పద్దెనిమిదేళ్ళుగా నేర్పుతున్న టీచరు సొంత కూతురి పరీక్షలో కంగారుపడిందని ఊళ్ళో అనుకుంటారని సిగ్గుపడ్డాను. రెండు రోజులు పోయాక చెబుదామనుకున్నాను. ఆ రెండు రోజులూ ఇన్నేళ్ళయ్యాయి.

నీ కాలి కింద బ్రేకు దిగింది కాబట్టి నువ్వే తొక్కావని నువ్వూ నమ్మావు. "నా కాలు నా మాట వినదమ్మా, నా చేతిలో ఎవరైనా పోతారు" అన్నావు. మళ్ళీ పరీక్షకి వెళ్ళలేదు. మీ మావయ్య నీళ్ళ సరఫరా ఆఫీసులో ఉద్యోగం చూశాడు. వచ్చిన అర్జీకి నంబరు వేసి, ముద్ర కొట్టి, పక్క బల్లకి తోస్తున్నావు. నేను వదిలేసి వచ్చిన పనే! నువ్వు ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. రోజూ రెండు బస్సులు మారి ఆఫీసుకి వెళ్తూ, ఆదివారాలు మాత్రం స్కూలుకి వచ్చి, కొత్తవాళ్ళు బండి కదిలించడం కిటికీలోంచి చూసేదానివి.

నా ఉద్యోగం నేను ఎంచుకున్నాను. నీ ఉద్యోగం నా కాలు ఎంచుకుంది. నా జీవితంలో ఉన్న విచారమంతా ఇదొక్కటే. క్షమించమని అడిగే ధైర్యం లేక ఈ కాగితంలో రాస్తున్నాను. లాయరుగారు దీన్ని నా తర్వాతే విప్పవలసినది.

7. నా చివరి ప్రయాణంలో బండి నడిపేది నా విద్యార్థి అయి ఉండాలి. మూడో గేరు దాటకూడదు. మలుపుల్లో ఇండికేటరు వెయ్యడం మరవకూడదు. నేను లేచి కూర్చోగలను.

పై సంగతులన్నీ నా ఇష్టపూర్వకంగా రాసి, చదువుకుని, ఈ నెల మూడో తారీఖు బుధవారం ఉదయం, నా స్కూలు ఆఫీసు గదిలో చేవ్రాలు చేశాను.

(చేవ్రాలు) క్లచ్చుతల్లి

సాక్షులు: డాక్టరమ్మ, మెకానిక్కు

అనుబంధం

పై వీలునామా రాసిన నేనే, ఇప్పటికీ తెలివిలోనే ఉండి, ఆరో అంశానికి ఈ కింది మార్పు చేస్తున్నాను.

చేవ్రాలు చేసి ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే నాకు విషయం అర్థమైంది. చచ్చాక చెప్పడమంటే అమ్మాయి కేకలు వినకుండా తప్పించుకోవడమే. ఒకసారి నోరు మూసుకున్నది చాలదా? లాయరుగారికి ఫోను చేసి వీలునామా ఉన్న కవరు వెనక్కి తెప్పించాను. ఆయన ఇంకోసారి ఆలోచించుకోమన్నారు. వద్దన్నాను. ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర అమ్మాయిని కూర్చోబెట్టి, ఆరో అంశం పొల్లు పోకుండా చదివి వినిపించాను. మావారు పక్క గదిలోకి వెళ్ళి రేడియో పెట్టుకున్నారు, కానీ వినపడనంత చిన్నగా పెట్టుకున్నారు.

అమ్మాయి లేచి, అప్పటికే కడిగి ఉన్న రెండు కంచాలు మళ్ళీ కడిగింది. తర్వాత, ఎంత గట్టిగా తొక్కావని అడిగింది. పూర్తిగా అన్నాను. "అయితే నేను మెత్తగానే ఆపుతున్నానన్నమాట" అంది. ఆ మాట నాతో అనలేదు, తనతో తను అనుకుంది. ఆ తర్వాత కేకలు వేసింది. ఇరవై ఒక్కేళ్ళు రోజుకి నాలుగు బస్సుల చొప్పున నిలబడిన కాళ్ళ గురించి కేకలు వేసింది. నేను దొంగననీ, పిరికిదాననీ అంది. అన్నీ నిజమే కాబట్టి మధ్యలో ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. వాళ్ళ మావయ్య రికార్డు రెండేళ్ళు కాబట్టి నేను గడువు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఐదో రోజు ఆఫీసుకి సెలవు పెట్టి స్కూలుకి వచ్చింది. స్కూలు తనకి ఊరికే వద్దనీ, ముందు పరీక్ష పాసవ్వాలనీ, ఆ తర్వాత నడపాలో వద్దో తనే తేల్చుకుంటాననీ చెప్పింది. కాబట్టి ఆరో అంశంలోని ఆస్తి ఆమె తీసుకుంటానన్న రోజున, ఆమె పెట్టిన షరతుల మీద చెందవలసినది. వద్దంటే నాలుగుసార్లుకి చెందుతుంది. నేర్పేది కూడా నాలుగుసార్లేననీ, ఆ బండి దరిదాపుల్లో నేను కనపడకూడదనీ అంది. ఒప్పుకున్నాను.

ఆమె నింపి ఇచ్చిన దరఖాస్తు ఈ వీలునామాకి జతచేస్తున్నాను. దీన్ని ఎవరూ పారెయ్యకూడదు. అందులో "గతంలో బండి నడిపిన అనుభవం" అన్న గడిలో మా అమ్మాయి తన చేతిరాతతో ఇలా రాసింది: "ఒకసారి పరీక్షకి వెళ్ళాను. బాగానే నడిపాను."

ఈ నెల పన్నెండో తారీఖు, శుక్రవారం.

(చేవ్రాలు) క్లచ్చుతల్లి

సాక్షులు: డాక్టరమ్మ; మా నాలుగుసార్లు కూడా సంతకం పెట్టబోతే వారసుడు సాక్షిగా పనికిరాడని లాయరుగారు ఆపారు కాబట్టి, మళ్ళీ మెకానిక్కే