తిరుగు లెక్క లేని పదమూడు కిలోమీటర్లు

చంద్రగిరి,
9 మార్చి 2025, ఉదయం

చిరంజీవి హేమశ్రీకి అవ్వ ఆశీస్సులు.

నువ్వు పక్షుల లెక్కకని పులికాట్ వెళ్ళి వారమైంది. ఫోను అందని ఊరు కాబట్టి, రోజూ రొయ్యలు తెచ్చే మునస్వామి వ్యానులోనే మన ఉత్తరాలు. ఇప్పుడు రాయడానికి కారణం, నువ్వు పంపిన అద్దె కారు రీడింగులు.

నువ్వు దిగిన తాయమ్మ ఇంటి నుంచి పక్షుల గట్టుకు తొమ్మిది కిలోమీటర్లు. పోయిరావడానికి పద్దెనిమిది. రోజూ అంతే తిరిగింది. ఆరో తేదీన మాత్రం పదమూడు. ఏడున, ఎనిమిదిన సున్నా. గట్టు దాటితే రోడ్డు లేదు, ఎండిన సరస్సే. మిగిలిన ఆ నాలుగు ఎక్కడికి? తిరుగు లెక్క ఏది? "అంతా బాగుంది" అని రాయకు. నిన్నటి నుంచి నాకు ముద్ద దిగలేదు.

వెంటనే జవాబు రాయి.
చంద్రకాంతమ్మ

---

10 మార్చి, తెల్లవారగానే

ప్రియమైన అవ్వా,

సంగతి దాచాను కానీ, నువ్వు పెంచిన చెయ్యి కదా, అంకె మార్చి రాయలేకపోయాను.

దూరంగా ఫ్లెమింగోల గుంపు కనబడితే గట్టు దిగి కారు పోనిచ్చాను. నాలుగు కిలోమీటర్లు నేల గట్టిగానే ఉంది. తర్వాత పైన ఎండిన మట్టి పెళ్ళ పగిలి చక్రాలు దిగబడ్డాయి. కాలు పెడితే తొడల దాకా బురద. పాకుతూ బయటపడ్డాను. తాయమ్మ ఒకటే తిట్లు: "నీకేమన్నా పిచ్చా పాపా? పైన ఎండినట్టే ఉండాది, లోపల యాడ మెత్తనో ఈడ పుట్టిన మాకే తెలీదు!"

నిన్న గాలి తిరిగింది. ఆ గాలికి సరస్సు నీళ్ళు కారు దాకా వస్తున్నాయట. అద్దె కాగితం మీద నీ సంతకం ఉంది. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి, చక్రాల కింద వేయడానికి చెక్క పలకలు తీసుకుని ఒక్కదాన్నే వెళ్తున్నాను. కారు లేకుండా నీ ఎదుట నిలబడలేను. బురద కంటే నువ్వంటేనే నాకు భయం.

నీ హేమ

---

10 మార్చి, మధ్యాహ్నం పన్నెండున్నర

హేమా, నా తల్లీ,

ఈ ఉత్తరం మునస్వామి చేతికివ్వడం లేదు. నేనే తెస్తున్నాను. ఎదురుగా కనబడితే అరుస్తానో, ఏడుస్తానో తెలియదు. అందుకే రాసిపెట్టుకుంటున్నాను. "ముందు సీట్లో ఒకటే నీచు వాసనమ్మా, నువ్వు కూర్చోలేవు" అన్నాడు మునస్వామి. కూర్చున్నాను.

నీ చివరి వాక్యం ఇప్పటికి ఆరుసార్లు చదివాను.

ఇక జరగవలసినవి:

1. మునస్వామి రొయ్యలకు ఐసు ఎక్కించకుండా ఇప్పుడే బయలుదేరాలి. ఒప్పుకున్నాడు. మూడున్నరకు చేరాలి.
2. కారు మునిగిపోనీ. సంతకం నాది, సమాధానం నేను చెప్పుకుంటాను.
3. నువ్వు తాయమ్మ అరుగు మీద కూర్చుని ఉండాలి.
4. కనబడకపోతే, ఈ కాగితం తాయమ్మకిచ్చి నీ టైరు గుర్తుల వెంట నేను నడుస్తాను. ఎంత దూరమో నాకు తెలుసు. గట్టు దిగాక నాలుగు కిలోమీటర్లు.

అవ్వ