మల్లి అనే దొంగకు రెండు విద్యలు

చందానగర్,
శుక్రవారం

అక్కకి,

నీ చెల్లెలు వసుంధర నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావగారు, చంటిది కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. నీ కిందటి ఉత్తరంలో అమ్మ మోకాలి నొప్పి గురించి ఒక్క ముక్కా లేదు. తగ్గింది కాబట్టి రాయలేదో, తగ్గలేదు కాబట్టి రాయలేదో తెలియక రెండు రోజులు అదే ధ్యాస. ఈసారి మర్చిపోకు.

ఇక్కడ చలి మొదలైంది. మన రేపల్లెలో చలి అంటే తెల్లవారుజామున దుప్పటి పైకి లాక్కోవడమే కదా. ఇక్కడ పొద్దున్నే బొంబాయి రోడ్డు మీద ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడితే, అటు మియాపూర్ వైపు బండరాళ్ళ మీంచి వచ్చే గాలికి దవడలు కొట్టుకుంటాయి. బావగారి పాత మఫ్లరు ఉంటే పంపు. తిండికి లోటు లేదు. ఇంటావిడ లక్ష్మమ్మగారు జొన్నరొట్టె చేసినప్పుడల్లా నాకొకటి పెడుతుంది. నేను అన్నంలా కలుపుకోబోతే చూసి, ముక్క తుంచుకుని తినడం నేర్పింది. కాఫీ పొడి మాత్రం అయిపోయింది. బాగానే ఉన్నాను, దిగులు పడకు.

ఇక నువ్వడిగిన ప్రశ్న. లా ఫస్టియర్ పేపర్లు ఆరూ ఈ ఏడే రాస్తున్నానా అని అడిగావు. "ఉద్యోగమూ చదువూ రెండూ నడిపితే సరే, ఏ ఒక్కటి కుంటుపడినా ఇంటికి వచ్చెయ్యాలి" అన్నారు నాన్న, నన్ను ఇక్కడికి పంపేటప్పుడు. "నడుపుతుంది, నాదీ పూచీ" అన్నావు నువ్వు. కాబట్టి అడిగే హక్కు నీకుంది. జవాబు రాద్దామని మూడుసార్లు ఇన్‌లాండ్ లెటరు తీసి మూడుసార్లూ లోపల పెట్టేశాను. ఇవాళ తెల్లకాగితాలు తీసుకున్నాను. ఎందుకంటే జవాబు కంటే ముందు నీకొక ఆట గురించి చెప్పాలి. నవ్వకుండా చదువు.

మా ఆఫీసులో నరసింహంగారని ఇంజనీరు ఉన్నారు. ట్రైనింగుకి ఇంగ్లండు వెళ్ళొచ్చారు. అక్కడ ఆయనతో గదిలో ఉన్న అతను ఒక ఆట పుస్తకం చదివి తిరిగి పంపమని ఇచ్చాడట. చదరంగంలా బల్ల మీద పావులుండవు. ఒకరు కథ నడుపుతారు; మిగతావాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషిగా ఉండి, ఎదురైన గుహలోకి వెళ్ళాలా వద్దా అని తేల్చుకుంటారు. కొట్లాట వస్తే గెలుపోటములు పాచికలు చెబుతాయి. మామూలు పాచికల్లో ఆరు దాకానే అంకెలుంటాయి కాబట్టి వాళ్ళావిడ కమలగారు పాలపొడి డబ్బాలో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు రాసిన చీటీలు వేసి ఊపుతుంది. ఆదివారాలు మధ్యాహ్నం వాళ్ళ క్వార్టర్లో ఆడతాం. ఆటలో కమలగారు గాయాలు మాన్పే సన్యాసిని. డ్రాయింగ్ సెక్షన్‌లో ట్రేసరుగా యంత్రాల పటాలకు నకళ్ళు గీసే యాదగిరి, నలభై ఏళ్ళ మనిషి, భీమన్న అనే యోధుడు. నేను మల్లి అనే దొంగని.

దొంగ అన్నానని కంగారు పడకు. ఆటలో దొంగ అంటే తాళాలు తీసేవాడు, చప్పుడు కాకుండా నడిచేవాడు, ఉచ్చులు కనిపెట్టేవాడు. నేను దాంతో ఊరుకోక మల్లికి మంత్రవిద్య కూడా పట్టించాను. ఆటలో అలా రెండు విద్యలు పట్టవచ్చు. తలుపు దొంగ తీస్తుంది, లోపల కాపలావాణ్ణి మంత్రగత్తె నిద్రపుచ్చుతుంది. రెండూ ఒక్క మనిషికే వస్తే ఇంకొకరి కోసం గుమ్మంలో నిలబడక్కర్లేదు కదా. ఏ మెట్టులో ఏ మంత్రం నేర్పాలి, ఎప్పుడు మాయమైపోవడం రావాలి అని పది మెట్ల దాకా కాగితం మీద గీసి పెట్టుకున్నాను. బస్సులో లా పుస్తకం ఒళ్ళో ఉండేది, చేతిలో ఆ కాగితం ఉండేది.

ఆ పుస్తకాన్ని నరసింహంగారు తిరిగి పోస్టులో పంపెయ్యాలి. అందుకని ముఖ్యమైన నియమాలు ఆయన చదువుతుంటే నేను షార్ట్‌హ్యాండులో రాసుకున్నాను. తర్వాత భోజనాల విరామంలో మూడు కార్బన్లు పెట్టి టైపు కొట్టి మనిషికో ప్రతి ఇచ్చాను. పుస్తకం వెళ్ళిపోయింది. అప్పట్నుంచి మాకు నా టైపు కాగితాలే ప్రమాణం.

ఆట ముగిశాక గడించిన అనుభవానికి నరసింహంగారు అందరికీ సమానంగా పాయింట్లు వేస్తారు. అవి పోగైనకొద్దీ విద్యలో ఒక్కో మెట్టు ఎక్కుతాం. నేను వాటినే మొత్తంగా దొంగతనంలో ఒకసారి, మంత్రాల్లో ఒకసారి వేసుకునేదాన్ని. రెండున్నర నెలల్లో మల్లి రెండు విద్యల్లోనూ అందరినీ దాటేసింది. ఒకసారి కమలగారు, "ఒక్క పూట వండిన పప్పుని రెండు పూటలా వేడివేడిగా ఎలా వడ్డిస్తున్నావమ్మా?" అంది. నరసింహంగారికీ ఏదో అనుమానం వచ్చింది. నా కాగితం తీసి చూశారు. "ఇందులో వద్దని లేదుగా" అన్నారు. ఆఫీసులో పనిచేసేవాళ్ళకి తమ జ్ఞాపకం కంటే టైపు కొట్టిన కాగితం మీదే నమ్మకం ఎక్కువ. నేనూ అంతే.

పోయిన ఆదివారానికి ముందు ఆదివారం, ఆట అయ్యాక యాదగిరి చెప్పులు వేసుకుంటూ నన్ను ఆపాడు.

"నేను మానుకుంట చెల్లె. మీరు ఇంగ్లీషు చదివినోళ్ళు, జల్ది సమజైతది. అందరి పాయింట్లు ఒక్కతీరే కదా, నువ్వు యాడికో పోయినవ్, నేను ఆడనే ఉన్న. నా నెత్తికి ఎక్కుతలేదు. మీ ఆట ఎందుకు ఖరాబ్ చేసుడు?"

సరళరేఖ గీస్తే స్కేలు పెట్టి గీశాడా అనిపించే చెయ్యి అతనిది. అలాంటి మనిషి తన బుర్ర మందం అనుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ మంగళవారం మల్లి తర్వాతి మెట్టు కోసం షార్ట్‌హ్యాండ్ పుస్తకం తీశాను. మధ్యలో రెండు కాగితాలు అతుక్కుని ఉన్నాయి. నియమాలు రాసుకున్న రోజు కమలగారు పెట్టిన జిలేబీ పాకం. మెల్లగా విడదీశాను. లోపల ఒకటిన్నర పేజీ నేను టైపు కొట్టనే లేదు. అందులో మొదటి నియమం ఇది: రెండు విద్యలు పట్టినవాళ్ళు సంపాదించిన అనుభవాన్ని రెండింటికీ సగం సగం పంచాలి. రెండింట్లోనూ నిదానంగానే పైకి వెళ్ళాలి.

అక్కా, ఆ గీతలు చదవగలిగేది మా నలుగురిలో నేనొక్కదాన్నే. పుస్తకం సముద్రం దాటిపోయింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మూడు రోజులు చెప్పకుండా ఉండటానికి ఎన్ని కారణాలు దొరికాయో! ఆటే కదా అనుకున్నాను. అలవాటు పడ్డారు కదా అనుకున్నాను. కానీ మల్లి మెట్లు పోతాయన్నది కాదు నన్ను తొలిచేసింది. నాన్న ముందు మన ఇద్దరం వేసిన లెక్క కూడా ఇదే లెక్క. ఉన్న ఒక్క రోజునే ఆఫీసుకి ఒకసారి, చదువుకి ఒకసారి వేసుకున్నాను. ఆఫీసు వదిలి, సిటీకి బస్సు పట్టుకుని, కాలేజీలో కూర్చునేసరికి లెక్చరరు మాట సగమే చెవిన పడుతుంది. ఆరు సబ్జెక్టుల్లో మూడింటికి నా దగ్గర సరైన నోట్సు ఉంది. మిగతా మూడు పుస్తకాలు కొన్నరోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నీకు రాసిన ప్రతి ఉత్తరంలోనూ "చదువు బాగానే సాగుతోంది" అని రాశాను.

పోయిన ఆదివారం యాదగిరి ఇంటికి నేనే వెళ్ళి, ఈ ఒక్కసారికి రమ్మని బతిమాలి తీసుకొచ్చాను. అందరి ముందూ ఆ పేజీన్నర చదివాను. ఎలా తప్పిపోయిందో చెప్పాను. యాదగిరి మెల్లగా అడిగాడు.

"అంటే నా నెత్తి మంచిగనే ఉన్నదన్నట్టేనా?"

"మీది బాగానే ఉంది. నాదే తప్పు" అన్నాను.

"దొంగనైతననంగనే అనుకున్న, మమ్ములనే దోచుకుంటవని" అన్నాడు. అని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. కమలగారు, ఆ నేరం జిలేబీది, తనది కాదని వాదించింది.

నరసింహంగారు మెత్తని మనిషి. ఇన్నాళ్ళు ఆడిందాన్ని విప్పడం ఎందుకు, ఇలాగే ఉంచేద్దాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. అప్పుడు రెండు దారులు చూపించారు. మంత్రాలు వదిలేసి ఉత్త దొంగగా ఉంటే మల్లి ఇప్పుడున్న మెట్టు మీదే ఉండొచ్చు. రెండూ కావాలంటే మొదట్నుంచి లెక్క కట్టి రెండింట్లోనూ కిందికి దిగాలి. రాత్రికి ఆలోచించుకుని చెప్పమన్నారు. ఆలోచించడానికేం లేదు. రెండూ ఉంచుకుని దిగుతానన్నాను. నా పది మెట్ల కాగితం చింపి, కొత్తది అక్కడే గీశాను. అందులో మల్లి ఒక్కతీ ఏ గదిలోకీ వెళ్ళదు. తలుపు తీశాక పక్కకి తప్పుకుంటుంది, భీమన్న ముందు వెళతాడు.

యాదగిరి ఆ కాగితం తిప్పి చూసి, "దిగితే దిగు చెల్లె. జర మెల్లగ నడువు. ముంగట నేనుంట కద, ఫికర్ ఎందుకు?" అన్నాడు. మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు జవాబు. ఆరు కాదు, ఈ ఏడు మూడు పేపర్లే రాస్తున్నాను. మిగిలిన మూడూ వచ్చే ఏడు. అలా రాయడానికి వీలుందో లేదో కాలేజీలో కనుక్కున్నాను. ఒక ఏడాది ఎక్కువ పడుతుంది, అంతే. నిన్న సాయంత్రం దరఖాస్తులో మూడింటి ఎదురుగా టిక్కు పెట్టి, మూడింటికి అడ్డగీత కొట్టి ఇచ్చేశాను. ముందు నిన్నడిగితే నా తరఫున నాన్నకి ఇంకో మాట ఇచ్చేస్తావని భయపడి అడగలేదు. కోపం తెచ్చుకోకు.

నాన్నకి వేరే కవరులో నేనే రాశాను. నీ పూచీలో తప్పేమీ లేదని, లెక్క తప్పు వేసింది నేనేనని రాశాను. కుంటుపడిందని ఆయన అంటారు. అననీ. ఇంటికి రమ్మంటే రానని కూడా రాశాను. మర్యాదగానే రాశాను, రెండుసార్లు చదువుకున్నాను. ఆయన ఆ కాగితం పట్టుకుని నీ దగ్గరికి వస్తే నన్ను వెనకేసుకు రాకు. నీకు అనిపించిందే చెప్పు.

నా ఒంటి గురించి దిగులొద్దు, వేళకి తింటున్నాను. అమ్మకి, నాన్నకి, పక్కింటి మామ్మగారికి నా నమస్కారాలు చెప్పు. బావగారికి మఫ్లరు సంగతి గుర్తుచెయ్యి. చంటిదానికి ముద్దులు. నీ దీవెనలు ఈసారికి మూడు పేపర్లకు చాలు. మిగిలిన మూడింటికి వచ్చే ఏడు అడుగుతాను.

ఇట్లు,
నిదానంగా చదువుకుంటున్న నీ చెల్లెలు
వసుంధర