మోకాలు మడవనక్కరలేని బండి

ఉధ్నా, సూరత్
22 ఆగస్టు 2021, ఆదివారం

చిరకాల మిత్రుడు నరహరికి,

పరమేశ్వర్ నమస్కారాలు. భాగీరథి చెల్లెను అడిగినట్టు చెప్పు. ఇక్కడ మేమంతా బాగున్నాం. అమ్మకు కరోనా రెండో సూది కూడా పడింది. జ్వరం రాలేదని ఆమెకే అనుమానం. "మందు గాదు, నీళ్ళు పొడిచిండ్రు బిడ్డా" అంటోంది. సిరిసిల్లలో మీరిద్దరూ కుశలమని తలుస్తాను.

ఇవాళ నూలు పున్నమి. ఊరేగింపు ఈసారీ లేదు. గుడిలో జంధ్యం మార్చుకుని, మూతిగుడ్డల మీంచే ఒకరినొకరు పలకరించుకుని ఇళ్ళకు వచ్చేశాం. ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఫోన్లో నువ్వు నవ్వుతూనే ఉంటావు, నేను చెప్పదలచింది మింగేస్తాను. అందుకే కాగితం పట్టాను.

ముందు నువ్వు అప్పగించిన పని సంగతి. దీపావళి లోపల తిరిగి సూరత్ వస్తున్నావని, కడోదరా మిల్లులో ఫిట్టరు పని ఖాయమైందని, నవాగామ్‌లో గది తీసుకుంటావని చెప్పావు. రోజూ వచ్చిపోవడానికి బండి చూడమన్నావు. "ఎడమ మోకాలు మడ్తలేదు. కాళ్ళు ముంగటికి సాపుకొని కూసునే బండి గావాలె. కిక్కు కొట్టుడు నాతోని గాదు. లచ్చ దాటద్దు" అన్నావు. సరే అన్నాను. అలాంటి బండిని మనం మొదటిసారి చూసిన రోజు నీకు గుర్తుందా?

రింగ్ రోడ్డు మీద చీరల మార్కెట్ ముందు, ఇరవై ఏళ్ళ కింద. అప్పుడు మనిద్దరికీ కలిపి ఒకటే పాత రాజ్‌దూత్. సోమ, బుధ, శుక్రవారాలు నీవి, మంగళ, గురు, శనివారాలు నావి, ఆదివారం ఇద్దరిదీ. ఆ రోజు ఆదివారమే. సీటు కిందికి, హ్యాండిల్ పైకి, ముందు చక్రం ఎక్కడో దూరంగా ఉన్న బండి ఒకటి ఎండలో మెరుస్తోంది. నేను వద్దంటున్నా వినకుండా నువ్వెక్కి కూర్చున్నావు. దుకాణంలోంచి సేఠ్ వచ్చి, "తారా బాప్ నీ ఛే?" అన్నాడు. మీ నాన్నదా అని. నువ్వు దిగకుండానే, "నహీ సేఠ్, మేరే బాప్ కీ హోతీ తో ఇత్నీ సాఫ్ నహీ హోతీ" అన్నావు. మా నాన్నదైతే ఇంత శుభ్రంగా ఉండేది కాదని. ఆయన నవ్వి తాళంచెవి తిప్పి ఇంజిన్ చప్పుడు వినిపించాడు.

సాయంత్రం ఆ ముచ్చట రాజమల్లు కాకకు చెప్తే, కోపం చేసుకుంటాడనుకున్నాం. మీ నాయిన మగ్గాల కాడి నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. "నిజమే గదరా, నా సైకిల్ గూడ నేనెన్నడు తుడువలె" అన్నాడు. తర్వాత ముగ్గురం రాజ్‌దూత్ మీద డుమస్ పోయాం. కాక మధ్యలో కూర్చున్నాడు. నా భుజం మీద ఒక చెయ్యి, లుంగీ మీద ఒక చెయ్యి. సముద్రం ఒడ్డున టమాటా భజియాలు తిని, ఇంత కారంగా సిరిసిల్లలో కూడా తినలేదని నీళ్ళ కోసం వెతుక్కున్నాడు. ఆయన అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

సరే, బండ్ల సంగతికి వస్తాను. ఇంటి నుంచి ఒక చెక్క ముక్క, తువ్వాల పట్టుకుని పోయాను. మోకాలి వెనక చెక్క పెట్టి తువ్వాలతో బిగించి, నీలాగే కాలు మడవకుండా ప్రతి బండీ ఎక్కి చూశాను. మొదటి షోరూంలో ఉన్న పిల్ల, అంకుల్‌కు దెబ్బ తగిలిందేమోనని కుర్చీ తెచ్చింది. దోస్తు కాలు కొలత తెచ్చానని చెప్తే వింతగా చూసింది.

అక్కడ మీటియర్ అనే బండి చూశాను. కూర్చుంటే దిగబుద్ధి కాదు. కానీ దగ్గర దగ్గర రెండు క్వింటాళ్ళు. నవాగామ్ గల్లీల్లో వెనక్కి నెట్టాల్సి వస్తే ఒక్క కాలి బలంతో నీ వల్ల కాదు. ధర కూడా నీ మాటకు రెండింతలు. అక్కడికి దణ్ణం పెట్టాను. తర్వాత కొత్త అవెంజర్, చిన్న ఇంజినుది. కాళ్ళకు అన్ని విధాలా సరిపోయింది. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కలిపితే లక్ష దాటుతోంది. అప్పు ఇప్పిస్తామన్నారు. నువ్వు అప్పుకు ఒప్పుకోవని నాకు తెలుసు.

ఇక పాత బండ్ల బజారుకు, బండ్లు బాగుచేసే సోమలింగం మేస్త్రీని తోడు తీసుకుపోయాను. అక్కడొకటి కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోంది, ధర కూడా చవక. సోమలింగం రంగు వైపు చూడనైనా లేదు. సీటు ఊడదీసి వేలు పెట్టి తీశాడు. గోటి నిండా ఒండ్రు. "వరద నీళ్ళు తాగిన బండన్నా, జర దూరముండు" అన్నాడు. చవక బేరం చూసేటప్పుడు ముందు సీటు కిందే చూడాలని ఆ రోజు నేర్చుకున్నాను.

చివరికి దొరికింది భరద్వాజ్ అనే తెలుగు డాక్టరు దగ్గర. అవెంజర్ 220, మూడేళ్ళ కిందటిది, తిరిగింది పదకొండు వేల కిలోమీటర్లు. ఆయన విశాఖపట్నం వెళ్ళిపోతున్నాడు. రెండు వేవ్‌లలోనూ ఆసుపత్రికి దాని మీదే తిరిగానని చెప్పాడు. "బేరం ఆడకండి, కాగితాలన్నీ ఉన్నాయి, తృప్తిగా నడిపి చూసుకోండి" అన్నాడు. బాగా అలసిన మనిషిలా ఉన్నాడు, నాకూ బేరం ఆడబుద్ధి కాలేదు. డెబ్బై రెండు వేలు. వెనక టైరు మార్చాలి. లీటరుకు ముప్ఫై ఐదు ఇస్తుంది, అంతకంటే ఆశపడకు. కిక్కు లేదు, బొత్తాం నొక్కితే చాలు. చెక్క కట్టుకునే కడోదరా దాకా పోయి వచ్చాను. కాలు నొప్పి పెట్టలేదు, రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనుతున్నాయి. నా మాట అడిగితే ఇదే తీసుకో. డాక్టరు వచ్చే ఆదివారం దాకా ఆగుతానన్నాడు.

కడోదరా నాకా కూడలి దగ్గర తిరిగేటప్పుడు బండి ఆపి కాసేపు నిలబడ్డాను. పోయిన ఏడాది మే నెలలో, లాక్‌డౌన్ అప్పుడు, రైలు జాబితాలో మీ పేర్లు రాక, నువ్వూ చెల్లే ఉధ్నా నుంచి అక్కడిదాకా నడిచే వచ్చారు కదా. అక్కడి నుంచి లారీ, మళ్ళీ నడక, మళ్ళీ లారీ. జాల్నా దగ్గర లారీ దిగుతూ మోకాలు తిప్పుకున్నావు. ఆరో రోజు సిరిసిల్లలో ఇల్లు చేరావు. కాక నాలుగో రోజే పోయాడు. పొద్దున లేస్తూనే "నరారి ఎందాక వచ్చిండు" అని అడిగేవాడని నువ్వే ఫోన్లో చెప్పావు.

నువ్వు వస్తే అమ్మ సర్వపిండి చేస్తానంటోంది. ఆరోగ్యం జాగ్రత్త. మోకాలికి నూనె రాయడం మానకు.

ఇట్లు,
నీ రాజ్‌దూత్‌లో సగం వాటాదారు,
పరమేశ్వర్

తా.క.: ఉత్తరం మడిచి కవరులో పెడుతుంటే అమ్మ "చెప్పినవా" అని అడిగింది. లేదన్నాను. "వాడు రాకముందే చెప్పు. ఎదురుంగ చెప్తె నిన్ను తిట్టనీకి గూడ వానికి మొగమాటమైతది" అంది. అందుకే మళ్ళీ విప్పి రాస్తున్నాను.

కాకకు సీరియస్ అని కబురు వచ్చిన రోజు నువ్వు నా బండి అడిగావు. అది నేను ఆ ఏడాది జనవరిలో కొన్న కొత్త బండి. రాయి తగిలి ఇంజిన్ అడుగు పగిలిందని, ఆయిలంతా కారిపోయిందని చెప్పాను. దానికి ఏమీ కాలేదు. ముందు రోజే అమ్మ మందులకు దాని మీద పోయి వచ్చాను.

అమ్మకు రాత్రి వేళ ఏమన్నా అయితే బండి ఉండాలని ఇవ్వలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. పక్కింట్లో ఆటో ఉంది. నీకిస్తే పోలీసులు ఎక్కడో ఆపి పెట్టుకుంటారని, నా కొత్త బండి మళ్ళీ నా కంట పడదని భయపడ్డాను. అంతే.

మరునాడు పొద్దున మీరిద్దరూ సంచులతో చెప్పిపోవడానికి వచ్చారు. బండి మీద దుప్పటి కప్పి ఉంది. కింద ఆయిలు మరక లేదు. నువ్వు ఫిట్టరువి, చూశావో లేదో నాకు తెలియదు. దుప్పటి మీద చెయ్యి వేసి, "కొత్త బండి, పైలం. ఎవ్వనితోని పడితె వానితోని ఇప్పియ్యకు, సోమలింగం కాడికే తీస్కపో" అని చెప్పావు. మీరు గల్లీ మలుపు తిరిగాక అమ్మ లోపలి నుంచి, "నిన్ననే నడిచింది గద బిడ్డా" అంది. ఆమె మళ్ళీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు.

బండి మీద పోతే మూడో రోజుకు ఇల్లు చేరేవారు. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. ఇప్పుడు నీకు బండి కొనిస్తానని అనను. అలా అంటే కాకకు వెల కట్టినట్టవుతుంది. నువ్వు తిట్టినా, మాట్లాడడం మానేసినా, నాకు అర్థమవుతుంది. డాక్టరు ఫోన్ నంబరు వెనక పేజీలో రాశాను, నాతో మాట్లాడాలని లేకపోతే నేరుగా ఆయనతోనే మాట్లాడుకో.

ఇంకొక్కటి కూడా దాచను. మీరు నడిచి వెళ్ళిన ఆ పొద్దున నా బండిలో ట్యాంకు నిండా పెట్రోలు ఉంది.